మా చిన్నాయన ఓటు

మా దుకాణంలో స్టీలు సామాను కొన్నవాళ్లకు గిన్నెల మీద పేర్లు ఉచితంగా కొట్టిస్తాం. ఉచితం అన్నది బోర్డు మీది మాట. ఆ ఖర్చు గిన్నె ధరలోనే కలిసి ఉంటుందని బెజ్జంకి నుంచి పెళ్లి సామానుకు వచ్చే ఆడవాళ్లకు నాకంటే బాగా తెలుసు. "పేరొద్దు గీరొద్దు, గా పైసలు తగ్గియ్యి సేటూ" అంటారు. నేను గుండె మీద చెయ్యి వేసుకుని, "పేరుకు పైసలు తీస్కుంటమా అక్కా, పాపం తగుల్తది" అంటాను. వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఎవరం ఎవరినీ నమ్మం, సామాను మాత్రం అమ్ముడుపోతుంది. సిద్దిపేట బజారులో మా తాత, మా బాపు, ఇప్పుడు నేను ఇట్లాగే బతికాం.

ఆ పేర్లు కొట్టేది మా చిన్నాయన, అంటే మా బాపు తమ్ముడు. దుకాణం వెనక గదిలో కూర్చుని, చిన్న కరెంటు మిషను పట్టుకుని, గిన్నె అంచు మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు దింపుతాడు. ఏ ఊరి పెళ్లికూతురి పేరైనా ముత్యాల్లా వస్తుంది. కొన్నవాళ్లు మెచ్చుకుంటూ, "ఎవరు కొట్టిన్రు సేటూ?" అని అడిగితే, "మా కారిగరు" అని ఊరుకుంటాను. చిన్నాయన ముందుకు రాడు. దుకాణం ముందు గుమ్మం తొక్కడు. వెనక సందులోంచి వస్తాడు, వెనక సందులోంచే పోతాడు.

కారణం బజారులో పాతవాళ్లందరికీ తెలుసు. నేను బడిలో చదువుతున్న రోజుల్లో మా దుకాణానికీ పక్క ప్లాస్టిక్ సామాన్ల దుకాణానికీ మధ్య ఉన్న మెట్టు ఎవరిదన్న తగవు ఉండేది. మేము దాని మీద బిందెలు పెట్టేవాళ్లం, వాళ్లు బకెట్లు పెట్టేవాళ్లు. రోజూ ఒకరి సామాను ఒకరు జరపడం, తిట్టుకోవడం, మధ్యాహ్నానికి ఒకే చాయ్ బండి దగ్గర నిలబడి తాగడం. ఒకరోజు మాట పెరిగింది. మా చిన్నాయన కాటా మీది ఇనుప రాయి తీసి విసిరాడు. అది పక్క దుకాణం ఆయన తలకు తగిలింది. హైదరాబాదు దవాఖానకు తీసుకుపోతుండగానే ఆయన ప్రాణం పోయింది. ఆయనకు భార్య, చిన్న కొడుకు. చిన్నాయనకు అప్పుడు పెళ్లి సంబంధాలు చూస్తున్నారు.

చంపాలని విసరలేదని మా ఇంట్లో అందరం అనేవాళ్లం. చిన్నాయన మాత్రం ఆ మాట కోర్టులోనూ అనలేదు, తర్వాతా అనలేదు. యావజ్జీవం పడింది. ఏళ్లు గడిచాక మంచి నడవడి మీద వదిలారు. ఆయన తిరిగి వచ్చేసరికి మా బాపు లేడు. పక్క దుకాణం మాత్రం అక్కడే ఉంది. తండ్రి పోయిన ఆ పిల్లవాడు పెద్దవాడై దాన్ని నడుపుతున్నాడు. మెట్టు మీద ఇప్పుడు ఎవరమూ ఏమీ పెట్టం. రెండు దుకాణాలకూ నడుమ ఒకటే గోడ. చిన్నాయన మిషను చప్పుడు ఆ గోడ అవతలికి వినిపిస్తుంది. వాళ్లు తద్దినం పెట్టే రోజున చిన్నాయన మిషను ముట్టడు. ఎంత గిరాకీ ఉన్నా ఆ రోజు పేర్లు రేపటికే.

ఓటు ముచ్చట మొదలైంది మా ఇంటి గడపలోనే. మా ఇల్లు దుకాణం మీదే. ఓటర్ల వివరాలు రాసుకోవడానికి అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చి మెట్ల దగ్గర నిలబడింది.

"ఇంట్ల ఓట్లెన్ని అక్కా?"

"మా ఇద్దరివి, అత్తమ్మది ఒకటి. పిల్లలు చిన్నోళ్లు" అంది నా భార్య.

"మరి లోపల టకటక కొడ్తున్నదెవరు?"

"పనాయన."

కింద మిషను ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది. నా భార్య మనసు చెడ్డది కాదు. ఒక ప్రశ్నకు జవాబు చెప్తే దాని వెనక పది ప్రశ్నలు వస్తాయని భయం. నేనైనా అదే చెప్పేవాణ్ణి, ఇంకాస్త తీయగా చెప్పేవాణ్ణి, అంతే తేడా.

ఆ సాయంత్రం నేను అన్నం తీసుకుపోతే చిన్నాయన పళ్లెం ముందు పెట్టుకుని, తినకుండా అడిగాడు.

"నాకు ఓటు ఉంటదారా?"

"ఏమో చిన్నాయనా. ఉండదేమో."

"ఉండది. లోపల ఒకాయన చెప్పిండు. శిక్ష పడ్డోనికి సచ్చేదాక ఓటు ఉండదట."

"ఆయన వకీలా?"

"కాదు. ఆయనకు సుత శిక్షనే."

ఇద్దరం నవ్వాం. నవ్వు ఆగాక ఆయన లోపలి సంగతి ఒకటి చెప్పాడు. అప్పటిదాకా లోపలి సంగతులు చెప్పింది చాలా తక్కువ. ఎలక్షన్ల నాడు డ్యూటీకి వచ్చే వార్డర్ల వేళ్లకు సిరా చుక్క ఉండేదట. తాళాలు తీసే వేలికి చుక్క. పేర్లు పిలిచి లెక్కపెట్టే వేలికి చుక్క. "గా పొద్దు మేమందరం ఆళ్ల మొకాలు సూడకపోదుము, వేళ్లు సూసేటోళ్లం. సుక్క పోయేదాక సూసేటోళ్లం. ఆళ్లకు ఒక గోరు పెరిగి సుక్క పైకి జరుగుతుంటె, మాకు దినాలు గడుస్తున్నయని తెలుస్తుండె."

మర్నాడు నేను ఓటర్ల పేర్లు ఎక్కించే ఆఫీసుకు పోయాను. నాకు ఆఫీసుల్లో మాట్లాడే పద్ధతి ఒకటుంది. ముందు లేదనిపించుకోవాలి, ఆ తర్వాత కొద్దికొద్దిగా ఉందనిపించుకోవాలి. ఆ లెక్కతోనే బల్ల ముందు నిలబడ్డాను.

"సార్, శిక్ష పడ్డోళ్లకు ఓటు ఉండదు గదా?"

గుమస్తా తల ఎత్తలేదు. "మనిషి లోపలున్నడా, బయటున్నడా?"

"బయటే సార్. మొత్తం అయిపోయింది."

"అయితే ఉంటది. జైల్ల ఉన్నంత సేపే లేదు."

ఇంత తొందరగా ఒప్పుకునేసరికి నాకు అనుమానం వచ్చింది. బేరం ఆడకుండా ఇచ్చే సరుకులో ఏదో లోపం ఉంటుందని మా వాళ్ల నమ్మకం. "మొత్తం ఓటా సార్? ఏమన్న తక్కువ సేసి ఇస్తరా?"

అప్పుడు తల ఎత్తాడు. "ఓటుల పావు, అర్ధం ఉంటదా సేటూ? కాటా మీద తూకం ఏసి ఇస్తమా?"

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి, కావలసిన కాగితాల సంగతి అడిగి వచ్చాను. పోటీ చేయడానికి వేరే నియమాలు ఉన్నాయని, ఓటు వేయడానికి మాత్రం ఏ అడ్డూ లేదని ఆయన మళ్లీ ఒకసారి విడమరిచి చెప్పాడు. ఇంత సులభమైన మాట మా ఇంట్లో ఇన్నేళ్లు ఎవరమూ అడగలేదు. లేదనే అనుకున్నాం.

టీచరమ్మ మళ్లీ వచ్చినప్పుడు నా భార్య తనంతట తానే చిన్నాయన పేరు చెప్పింది. ఫోటో తీయించాం. అందులో ఆయనకు ఛాతీ మీద పడే గడ్డం ఉంది. కార్డు వచ్చాక చిన్నాయన దాన్ని చాలాసేపు చూశాడు. నాకు అప్పుడు అర్థమైందేమిటంటే, ఆయన తినే అన్నం మేము పెట్టింది, ఉండే జాగ మేము ఇచ్చింది, కట్టే బట్ట మేము కొన్నది. మేము మంచిగా చూసుకుంటున్నామని బజారంతా అంటుంది, మేము వినయంగా తల ఊపుతాం. ఆ కార్డు ఒక్కటే మా దయలో లేనిది.

మున్సిపల్ ఎన్నికలు వచ్చాయి. మా వార్డులో పోటీ గట్టిగా ఉంది. బ్యాలెట్ పేపరుతో ఓటు. చిన్నాయన జైలుకు పోకముందు ఎప్పుడో ఒకసారి వేశాడట, మరిచిపోయాడు. నేను పాత న్యూస్‌పేపరు చింపి, ముద్ర తడి పక్క గుర్తుకు అంటకుండా ఎట్లా మడవాలో చూపించాను. ఆయన గిన్నె మీద అక్షరం దింపినంత జాగ్రత్తగా మడిచి చూపించేవాడు. అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒకరోజు అడిగాడు.

"గాడ పేరు గట్టిగ సదువుతరా?"

"సదువుతరు. ఏజెంట్లకు ఇనపడాలె గదా. ఎవరన్న దొంగ ఓటు ఏస్తే ఆళ్లే పట్టుకోవాలె."

"ఏజెంట్లు ఎవరెవరు కూసుంటరు?"

నేను బిందెల వరస సర్దుతున్నట్టు నటించాను. ఆయన నా మొహమే చూస్తూ ఉన్నాడు. చివరికి చెప్పక తప్పలేదు. ఒక పార్టీ తరఫున మా బూతులో ఏజెంటుగా కూర్చునేది పక్క దుకాణం పిల్లవాడే. పిల్లవాడు అంటున్నాను గానీ ఇప్పుడు మీసాలు తిరిగిన మనిషి, పార్టీలో తిరుగుతాడు.

చిన్నాయన చేతిలోని గిన్నె కింద పెట్టాడు. "అయితే నేను పోను."

"నీకేం భయం? నీ ఓటు నీకున్నది."

"నాకు భయం లేదురా. ఆ పోరగాని ముంగట నా పేరు సదువుతరు. మా నాయిన పేరు సుత సదువుతరు. వాడు ఇనుకుంట కూసోవాలె, లేచి పోనీకి లేదు. వాణ్ణి గట్ల కూసోపెట్టి నేను ఓటు ఏసుడు ఏంది?"

జవాబు లేనప్పుడు మావాళ్లు బేరానికి పోతారు. నేనూ పోయాను.

పక్క దుకాణానికి పోయి, ముందుగా బకెట్ల ధర అడిగాను. కావలసిన వస్తువు పేరు మొదట ఎత్తకూడదన్నది మా ఇంటి చదువు. బకెట్లు అయ్యాక డ్రమ్ములు, డ్రమ్ములయ్యాక ఎండలు. అతను గల్లా పెట్టె దగ్గర కూర్చుని నా మొహమే చూస్తున్నాడు.

"ఏం కావాలె అన్నా? నువ్వు మా దుకాణంల బకెట్ కొని మా నాయిన ఉన్నప్పటి సంది సూడలే."

"ఏం లేదు తమ్మీ. ఓట్ల నాడు పొద్దంత కూసుంటవ్ గదా. నడుమ అన్నానికి లేస్తవా?"

"ఎందుకు?"

"ఎప్పుడు లేస్తవో చెప్తే, గప్పుడు మా చిన్నాయనను తెస్త. నీ కండ్ల పడకుంట ఏసి పోతడు. ఆయన గూడ అదే అనుకుంటుండు. నీకు మనసు కష్టం ఉండొద్దని."

అతను కదల్లేదు. నేను అక్కడితో ఆగవలసింది. కానీ బేరంలో అవతలివాడు మాట్లాడకపోతే మనమే ఇంకొంచెం వేస్తాం, అది చేతి అలవాటు. "నిన్ను గూడ ఊకనే లేవుమంటలేను తీయి. మా ఇంట్ల ఓట్లన్ని నీ క్యాండిడేట్‌కే. నా మాట మీద మా వరస దుకాణాలోళ్లు గూడ..."

"అన్నా."

ఆగాను.

"మా నాయిన పానానికి మీ ఇంటి ఓట్లు కడ్తున్నవా?"

అతను గొంతు పెంచలేదు. పక్కన ఎవరో మగ్గులు ఏరుకుంటున్నారు, వాళ్లకు వినపడి కూడా ఉండదు. నేను ఏదో అనబోయాను, మాట రాలేదు. జీవితంలో మాట రాకపోవడం నాకు అదే మొదటిసారి అనుకుంటాను. మా వాళ్లెవరికైనా చెప్తే నమ్మరు.

"ఆయనకు ఓటు వచ్చిందని సుత నాకెర్క లేకుండె. నువ్వొచ్చి చెప్పినవ్" అన్నాడతను. "రానియ్యి. నేను లేస్తనని మాత్రం అనుకోకు. పొద్దుగాల కూసుంటే డబ్బకు సీల్ ఏసేదాక లేవ. రానియ్యి."

దొరకని సరుకు దొరుకుతుందేమోనని పోయి, ఉన్న సరుకు కూడా పోగొట్టుకుని వచ్చినవాడిలా వెనక గదికి పోయాను. దాచిపెడదామనుకున్నాను. కానీ చిన్నాయన దగ్గర దాచడం కష్టం. ఏళ్లపాటు మనుషుల నడకను బట్టి వాళ్ల మనసు కనిపెట్టిన మనిషి. మొత్తం చెప్పేశాను, ఓట్లన్నీ అతని అభ్యర్థికే అన్న మాట కూడా.

"నిన్ను ఎవడు పొమ్మన్నడురా?" ఆయన లేచి నిలబడ్డాడు. ఆయనకు కోపం రావడం నేను చూడడం, తిరిగి వచ్చాక అదే మొదలు. కోపం వచ్చిందని ఆయనకే భయం వేసినట్టుంది, వెంటనే కూర్చుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. "నేను దాన్ని అమ్మకానికి పెట్టిన్నా? ఇంట్లోళ్ల ఓట్లు సుత అమ్ముతివి. మీ అమ్మను అడిగినవా? నీ పెండ్లాన్ని అడిగినవా?"

"తప్పయింది చిన్నాయనా."

చేతులు బయటికి తీసి మిషను దగ్గరికి లాక్కున్నాడు. తర్వాత, "వాడు ఏమన్నడు? మల్లొక్కసారి చెప్పు" అన్నాడు.

"లేవను అన్నడు."

"గది కాదు. ఇంకోటి."

"రానియ్యి అన్నడు. కోపంతోని అన్నడు చిన్నాయనా, పిలిచినట్టు కాదు."

"కోపంతోనైనా అన్నడు గదా." ఆయన మిషను వైరు వేలికి చుట్టుకుంటూ ఆలోచించాడు. "ఇగ నేను పోకుంటే ఎట్ల? పొద్దుగాల నుంచి వాడు తలుపు దిక్కే సూసుకుంట కూసుంటడు. ఒక్కొక్కడు లోపలికొస్తుంటే, నేనేనేమో అని ఉలికి పడ్తడు. పొద్దూకేదాక వాణ్ణి గట్ల కూసోపెట్టుడు నాతోని కాదు. జల్ది పోయి, వాని ముంగట నిలవడి, ఏదుంటే గది పడొస్త."

నేను ఊహించినవాటిలో ఈ లెక్క లేదు.

పోలింగ్ రోజు నేను కిందికి దిగేసరికి చిన్నాయన తయారుగా ఉన్నాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. గడ్డం లేదు. తెల్లవారకముందే మంగలి దగ్గరికి పోయి నున్నగా గీయించుకుని వచ్చాడు. చెంపలు కొత్తగా, పసిగా కనిపించాయి. నాకు అప్పుడు ఏ అనుమానమూ రాలేదు, మంచి పని చేశాడనే అనుకున్నాను. కార్డులో గడ్డం ఉన్న సంగతి గుర్తుకు రాలేదు.

బూతు మా గల్లీ చివర సర్కారు బడిలో. మగవాళ్ల లైను పొడుగ్గా ఉంది. ఎదురు వరసలో దుకాణం ఉన్న దర్జీ మా ముందు నిలబడ్డాడు. నన్ను చూసి, "సేటూ, లైన్ల జాగకు బేరం ఏమన్న ఉన్నదా?" అన్నాడు. నా వెనక ఉన్న మనిషిని చూసి అతని నవ్వు ఆగిపోయింది. గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. "కాకా, మంచిగున్నవా?" అన్నాడు చివరికి. చిన్నాయన తల ఊపాడు. లైనులో ముందు నుంచి వెనక్కి ఒక గుసగుస నడిచింది. మేము విననట్టు నిలబడ్డాం.

తలుపు దగ్గర చిన్నాయన నన్ను వెనక్కి జరిపి తాను ముందు నిలబడ్డాడు. "నీ తర్వాత నేను పోతే, నువ్వు నాకోసం మాట్లాడినట్టయితది" అన్నాడు.

లోపల మొదటి బల్ల దగ్గర ఒకామె, కిటికీ వైపు బెంచీ మీద ఏజెంట్లు. పక్క దుకాణం పిల్లవాడు మధ్యలో కూర్చుని ఉన్నాడు. మేము లోపలికి అడుగు పెట్టగానే చూశాడు, చూసి తలదించుకున్నాడు. బల్ల దగ్గరామె వరస నంబరు చదివింది, మా చిన్నాయన పేరు చదివింది, మా తాత పేరు చదివింది. గది చిన్నది. ఆ పేర్లు గోడలకు తగిలి తిరిగి వచ్చినట్టు అనిపించింది.

పక్క దుకాణం పిల్లవాడు తన కాగితంలో ఆ వరస నంబరు వెతుక్కుంటున్నాడు. అతని పక్కన కూర్చున్న ఇంకో పార్టీ ఏజెంటు, వార్డు అటు చివర ఉండే కుర్రాడు, చెయ్యెత్తాడు.

"ఆగుండ్రి మేడం. గా పేరు మనిషి జైల్ల ఉన్నడు. చిన్నప్పటి సంది ఇంటున్నం. ఈయన ఎవరో. దొంగ ఓటు."

అతను అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అట్లా అనుకున్నాడు. తిరిగి వచ్చిన మనిషి వెనక సందు దాటి బయటికి రాకపోతే, ఊరి లెక్కలో ఇంకా లోపలున్నట్టే. మద్దూరు దిక్కు నుంచి డ్యూటీకి వచ్చిన టీచరు ఒకాయన అక్కడ పెద్ద అధికారి. ఆయన లేచి వచ్చి కార్డు తీసుకున్నాడు. ఫోటో చూశాడు, మనిషిని చూశాడు.

"ఇందుల గడ్డం ఉన్నది గదా?"

"పొద్దుగాల తీయించుకున్న సార్."

"ఇయ్యాల్లనే ఎందుకు?"

"ఓటుకు వస్తున్న గదా అని."

ఎవరో నవ్వారు. అధికారి నవ్వలేదు. నేను ముందుకు దూకాను. "సార్, నేను ఆయన అన్న కొడుకును. నేను చెప్తున్న, ఆయనే..."

"మీరు ఆగుండ్రి. మీరు ఇంటోళ్లు." నోటితో బతికే నన్ను ఒక్క చేత్తో గోడకు నిలబెట్టాడు. కుర్రాడి వైపు తిరిగి, "ఛాలెంజ్ చేస్తే రుసుము కట్టాలె. కడ్తవా?" అన్నాడు. కుర్రాడు జేబులు తడుముకున్నాడు. చాయ్‌కి కూడా చాలని రుసుము అది. ఒక మనిషి తానేనా కాదా అని అడగడానికి అంత తక్కువ పడుతుందని నాకు తెలియదు.

చిన్నాయన వైపు చూశాను. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తల దించి, పాదాలు దగ్గరగా పెట్టి నిలబడ్డాడు. ఎవరూ అట్లా నిలబడమనలేదు. ఇంకో నిమిషం ఉంటే, "వద్దు సార్, పోత" అంటాడని నాకు అర్థమైంది. అని వెనక్కి తిరిగితే మళ్లీ ఎప్పటికీ ఆ గడప తొక్కడు.

అధికారి బెంచీ వైపు చూశాడు. "మీల ఎవరికన్న ఈయన ఎర్కనా?"

ఒకరు కిటికీలోంచి బయటికి చూశారు. ఫ్యాను గాలికి కాగితాలు లేస్తున్నాయి. పక్క దుకాణం పిల్లవాడు తన చేతిలోని కాగితాల మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు.

"ఎర్కనే సార్" అన్నాడు.

"ఎవరీయన?"

మా చిన్నాయన పేరు చెప్పాడు. మా తాత పేరు చెప్పాడు. "జైలు నుంచి వచ్చి శానా దినాలయింది. మా పక్క దుకాణంలనే ఉంటడు. మా గల్లీ మనిషే."

"పక్కానా?"

"నాకు ఎర్క లేకపోవుడేంది సార్."

కుర్రాడు చెయ్యి జేబులోంచి తీశాడు. పక్క దుకాణం పిల్లవాడు పెన్ను తీసుకుని తన కాగితంలో ఆ పేరు కింద గీత గీశాడు. తల ఎత్తలేదు.

చిన్నాయన వేలు చాపడానికి కొంత సమయం పట్టింది, చేతులు వెనక నుంచి ముందుకు రావాలి కదా. సిరా పెట్టారు. సంతకం చేశాడు. బ్యాలెట్ పేపరు తీసుకుని అట్ట చాటుకు పోయాడు. అక్కడ ఎంతసేపు ఉన్నాడంటే బయట లైను గొణిగింది. "పెద్దాయనా, అయిందా?" అని అధికారి అడగవలసి వచ్చింది. ఆ తర్వాత వచ్చాడు, పేపరు సన్నగా మడిచి ఉంది. డబ్బాలో వేసి, అది లోపలికి పడ్డదో లేదో అని వంగి చీలికలోకి చూశాడు. బెంచీ వైపు తిరిగి ఒక్క క్షణం నిలబడ్డాడు. దండం పెట్టలేదు. పెట్టకపోవడమే మంచిదైంది. బయటికి పోయాడు.

నా ఓటు నేనెట్లా వేశానో నాకు సరిగా గుర్తు లేదు.

మర్నాడు పొద్దున షట్టర్లు ఎత్తుతుంటే పక్క దుకాణం పిల్లవాడే నన్ను పలకరించాడు. నేను థాంక్స్ చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"నేను మాఫ్ చేసిన అనుకోకు అన్నా. నాకు గది రాదు. మా అమ్మకు సుత రాదు."

"అనుకోను తమ్మీ."

"ఎర్కనా అని అడిగిన్రు. ఆయన ఈడ ఉన్నడని నాకంటే ఎక్కువ ఎవరికి ఎర్క? పొద్దంత గోడ అవతల టకటక కొడ్తనే ఉంటడు. ఎర్క లేదంటే నా చెవులు నన్నే తిడ్తుండె." షట్టరుకు కొక్కెం తగిలించాడు. "గా పోరగాడు ఏం ఎర్క లేకుంట జైల్ల ఉన్నడు అంటుంటే నాకు మండింది. మా నాయిన సావు ఆనికి చిన్నప్పుడు ఇన్న ముచ్చట. నాకు గట్ల కాదు గదా."

అంతే. మళ్లీ ఆ సంగతి మా మధ్య రాలేదు. ఇప్పటికీ మేము మాట్లాడుకునేది కరెంటు పోయిందా, మున్సిపాలిటీ వాళ్లు మోరీలో బురద తీశారా అన్నదాకానే. చిన్నాయన ఇప్పటికీ వెనక సందులోంచే నడుస్తాడు. తద్దినం నాడు మిషను ముట్టడు. ఓటు వేసినందుకు ఎవరి దుఃఖమూ తగ్గలేదు. తగ్గుతుందని ఆయన కూడా అనుకోలేదు.

లెక్కింపు రోజు ఫలితం వచ్చింది. గల్లీలో టపాకాయలు కాల్చారు. ఎవరు గెలిచారన్నది ఇక్కడ అవసరం లేదు. నేను వెనక గదికి పోయి, వచ్చిన గిన్నెలు లెక్కపెడుతున్నట్టుగా మొదలుపెట్టాను. ముందు గిరాకీ గురించి, తర్వాత టపాకాయల గురించి. చిన్నాయన అంతా విని మిషను ఆపాడు.

"నేను ఎవరికేసిన్నో అడుగనీకి వచ్చినవ్."

"ఊకనే చిన్నాయనా. ఇంట్లోని ముచ్చట."

ఆయన తన వేలి చుక్క చూసుకున్నాడు, నన్ను చూశాడు.

"లోపల దస్తి మడత సుత ఇప్పి చూపెట్టేటోళ్లం. నోరు తెరువుమంటే నోరు తెరిచేటోళ్లం. సబ్బు సుత ఇరిచి సూసేటోళ్లు. గా అట్ట ఎనుక నేను ఏం చేసిన్నో ఎవడు సూడలే. సూడనీకి ఎవనికి హక్కు లేదట, గా మేడం చెప్పింది." గిన్నె తిప్పి, పేరు రాసి ఉన్న చీటీ దీపం కింద పెట్టుకున్నాడు. "నువ్వు సుత అడుగకు కొడుకా. పో, ముంగట ఎవరో వచ్చినట్టున్నరు."

నిజంగానే వచ్చారు. కుకునూరుపల్లి వాళ్లు, పెళ్లి బిందెల కోసం.